ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి: టాక్సీ పట్టుకోవాలా, ముందే బండి మాట్లాడుకోవాలా?

చిన్నిఅమ్మ అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. వచ్చే నెల ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నాం. నేను, మా ఆయన, రెండేళ్ల పాప, మా అత్తగారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. అందుకని టికెట్ తీసినప్పుడే వీల్‌చెయిర్ కావాలని పెట్టించాం. సామాను సంగతి: పెద్ద సూట్‌కేసులు మూడు, చేతి బ్యాగులు రెండు, మడిచే స్ట్రోలర్ ఒకటి.

వెళ్లేది రెండు దేశాలు. మొదటి చోట విమానం అర్ధరాత్రి దాటాక 12.40కి దిగుతుంది. మధ్యలో ఒక చోట విమానం మారాలి కూడా. హోటల్ ఎయిర్‌పోర్టుకి 40 కిలోమీటర్ల దూరం. కొన్ని రోజులయ్యాక అక్కడి నుంచి చిన్న ఫ్లైట్‌లో రెండో ఊరు. అక్కడ మధ్యాహ్నం మూడింటికి దిగుతాం, హోటల్ కూడా దగ్గరే.

మా ఆయన అనేది, "బయటికి రాగానే టాక్సీలు వరసగా ఉంటాయి, ఎవరో తెలియని వాళ్లకి ముందే డబ్బు కట్టడం ఎందుకు" అని. నాకేమో ఆ వేళప్పుడు నిద్రమత్తులో ఉన్న పాపతో, అత్తయ్యతో క్యూలో నిలబడే ఓపిక లేదు. ప్రైవేట్ ట్రాన్స్‌ఫర్ (అంటే మన కోసమే ముందుగా మాట్లాడుకునే బండి) బుక్ చేసేద్దామంటే టాక్సీ కంటే ఎక్కువ చెబుతున్నారు. పైగా విమానం లేటయితే బండి వెళ్లిపోతుందేమో, కట్టిన డబ్బూ పోతుందేమోనని టెన్షన్. రివ్యూలు చదివాక ఇంకా అయోమయం. ఒకే కంపెనీ గురించి ఒకరు "మేం వచ్చేసరికి డ్రైవర్ మా పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడ్డాడు" అని రాశారు, దాని కిందే ఇంకొకరు "గంట చూశాం, ఎవరూ రాలేదు" అని రాశారు.

ఊళ్ల పేర్లు కావాలనే రాయలేదు. రాస్తే ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది అనే చర్చలోకి పోతుంది. ఏ ఊరికైనా ఈ లెక్క ఎలా తేల్చుకోవాలో చెప్పండి చాలు.

---

కిటికీసీటు:

నేను ఆఫీసు పని మీద తిరుగుతుంటాను, ఎప్పుడూ టాక్సీయే. మీ వారి వైపు నా ఓటు, కాకపోతే ఒక షరతు మీద. ఆ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి టాక్సీకి ప్రభుత్వం కట్టిన రేటు ఉందో లేదో ముందు చూడండి. పారిస్‌లో 2016 నుంచి ఉంది, రెండు పెద్ద ఎయిర్‌పోర్టుల నుంచీ నది ఏ ఒడ్డుకి వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఒకే రేటు. న్యూయార్క్‌లో జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు నుంచి మాన్‌హాటన్‌కి అంతే. రోమ్, మాడ్రిడ్‌లలోనూ ఉంది. ఇలాంటి చోట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా మీటరు చూసి గుండె దడదడలాడే పనిలేదు.

కానీ ఆ రేటు ఎక్కడిదాకా వర్తిస్తుందో చదవండి. రోమ్‌లో పాత కోట గోడల లోపలికే. మాడ్రిడ్‌లో ఎం-30 రింగు రోడ్డు లోపలికే. జేఎఫ్‌కే నుంచి బ్రూక్లిన్ వెళ్తే మామూలు మీటరే. మీ హోటల్ గీతకి అవతల ఉంటే ఈ లాభం మీకు రాదు. టోల్ కలిపి చెప్పారా, విడిగానా అన్నదీ చూడండి. న్యూయార్క్‌లో విడిగానే.

ఇంకో మాట. హాల్లో మీ దగ్గరికొచ్చి "టాక్సీ? టాక్సీ?" అని అడిగేవాడితో వెళ్లొద్దు. అసలు టాక్సీవాడు బండి దగ్గరే ఉంటాడు, క్యూ వదిలి లోపలికి రాడు.

---

పాతడ్రైవర్:

చిన్నిఅమ్మ గారూ, నేను ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో చాలాకాలం ట్రాన్స్‌ఫర్ బండి నడిపాను. తర్వాత అదే ఆఫీసులో ఏ విమానానికి ఏ బండి పంపాలో చూసే కుర్చీలో కూర్చున్నాను. కాబట్టి రెండు వైపులా తెలుసు.

రేట్లు పక్కన పెట్టండి. ఒక్కటి ఆలోచించండి: ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తారు? టాక్సీ అయితే మీరు దాని కోసం క్యూలో నిలబడతారు. ట్రాన్స్‌ఫర్ అయితే బండి మీ కోసం నిలబడుతుంది. మీరు ఎక్కువ కట్టేది దానికే, బండి కొత్తదనో సీట్లు మెత్తగా ఉంటాయనో కాదు. అందుకే నిలబడటం కష్టమైన మనిషి ఉన్నప్పుడు, బయట బండ్లు పల్చబడే వేళ అయినప్పుడు ట్రాన్స్‌ఫర్‌కి విలువ. పట్టపగలు, హోటల్ దగ్గర, టాక్సీలు బారులు తీరిన చోట ఆ డబ్బు దండగ.

మీ లెక్కన మొదటి ఊళ్లో ట్రాన్స్‌ఫర్, రెండో ఊళ్లో టాక్సీ. మీ ఆయనకీ సగం గెలుపు.

ఇక రివ్యూల సంగతి. "ఎవరూ రాలేదు" అని వచ్చిన ఫిర్యాదులు నా టేబుల్ మీదికి వచ్చేవి. డ్రైవర్ నిజంగా ఎగ్గొట్టినవి ఉండేవి, లేవనను. కానీ ఎక్కువ భాగం బుకింగ్‌లో దొర్లిన తప్పులే. ముఖ్యంగా మీలాంటి టైముకి దిగేవాళ్లవి.

ఒకటి, తారీఖు. 14వ తేదీ రాత్రి విమానం ఎక్కి "14న వస్తున్నాం" అని రాస్తారు. 12.40 అంటే అప్పటికి 15 వచ్చేసింది. 14వ తేదీ 00.40 అని బుక్ చేస్తే మీరు ఇంకా ఇంట్లో సామాను సర్దుకుంటున్నప్పుడే డ్రైవర్ బోర్డు పట్టుకుని నిలబడి, చూసి చూసి వెళ్లిపోతాడు. మాకు ప్రతి వారం ఇది ఉండేది. 24 గంటల లెక్కలో రాయండి, వారం పేరు కూడా పక్కన రాయండి. బుధవారం తెల్లవారితే గురువారం అన్నది కళ్లకి కనబడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

రెండు, ఫ్లైట్ నంబరు. మీరు మధ్యలో విమానం మారుతున్నారు కదా, చాలామంది ఇంటి దగ్గర ఎక్కిన మొదటి విమానం నంబరు ఇస్తారు. మేం దాన్ని స్క్రీన్ మీద చూస్తే అది ఎక్కడో ఇంకో దేశంలో ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. చివరి విమానం నంబరే ఇవ్వాలి. ఒకే విమానానికి రెండు మూడు ఎయిర్‌లైన్ల నంబర్లు ఉంటాయి, కోడ్‌షేర్ అంటారు. టికెట్ మీద "ఆపరేటెడ్ బై" అని ఎవరి పేరుందో వాళ్ల నంబరు రాయండి. ఎయిర్‌పోర్టు బోర్డుల మీద వెతకడానికి అదే సులువు.

మూడు, గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. అందరూ "ఉచితంగా 60 నిమిషాలు ఆగుతాం" అని రాస్తారు, కొందరు 45 అంటారు, ఇంకా తక్కువ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ నిమిషాలు విమానం నిజంగా నేల మీద దిగిన దగ్గర్నుంచా, టికెట్ మీద ఉన్న టైము నుంచా, మీరు రాసిన పికప్ టైము నుంచా? మంచి కంపెనీ నిజంగా దిగిన టైము నుంచే లెక్కేస్తుంది, అందుకే ఫ్లైట్ నంబరు అడుగుతుంది. నంబరు అడగని చోట అసలు బుక్ చేయకండి. మీ విమానం రెండు గంటలు లేటని వాళ్లకి తెలిసే దారే లేదు.

వీల్‌చెయిర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వీల్‌చెయిర్ వాళ్లని మామూలుగా అందరూ దిగాక ఆఖర్న దింపుతారు. సాయం చేసే మనిషి వచ్చేదాకా ఆగాలి. ఇమిగ్రేషన్‌లో చాలా చోట్ల వాళ్లని వేరే లైనులో పంపుతారు, అక్కడ కొంత కలిసొస్తుంది. మళ్లీ మూడు పెద్ద పెట్టెల కోసం బెల్ట్ దగ్గర నిలబడాలి. 60 నిమిషాలు మీకు సరిగ్గా సరిపోతాయి, లేదా కొంచెం చాలవు. బుక్ చేసేటప్పుడే "వీల్‌చెయిర్ ప్రయాణికురాలు ఉన్నారు, 90 నిమిషాలు కావాలి" అని రాసి, అదనంగా ఎంతో అడిగి, ఒప్పుకున్న మాట కన్ఫర్మేషన్‌లో వచ్చేలా చూసుకోండి. అక్కడికెళ్లాక వాదించుకోవడం కంటే ఇది నయం.

నాలుగోది నంబరు వేసి చెప్పేంత పెద్దది కాదు గానీ, బుకింగ్ సైటు వేరు, బండి పంపేవాళ్లు వేరు. సైటు మీ ఆర్డరు తీసుకుని అక్కడి లోకల్ ఆపరేటర్‌కి ఇస్తుంది. ప్రయాణానికి ముందు రోజు లోకల్ ఆపరేటర్ నంబరు, డ్రైవర్ ఎక్కడ నిలబడతాడో మెసేజ్ రావాలి. రాకపోతే ఆ రోజే అడగండి. కాగితం మీద రాసుకోండి కూడా, ఫోన్ ఛార్జింగ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

---

చిన్నిఅమ్మ:

పాతడ్రైవర్ గారూ, తారీఖు మాట చదివి వెంటనే టికెట్ తీసి చూశాను. బయల్దేరేది ఒక తేదీ, దిగేది ఇంకో తేదీ! మా ఆయనకి చదివి వినిపించాను, "సగం గెలుపు" దగ్గర నవ్వారు.

రెండు సందేహాలు. డ్రైవర్ బోర్డుతో ఎందుకు నిలబడాలి, కొన్ని చోట్ల "దిగాక ఫోన్ చేయండి, బండి తీసుకొస్తాం" అంటున్నారు, అది తక్కువ రేటు. అది చాలదా? ఇక పాపకి చైల్డ్ సీటు. నలుగురికీ మామూలు కారు సరిపోతుందని సైటు చూపిస్తోంది.

---

పాతడ్రైవర్:

ఫోన్ చేస్తే వచ్చే పద్ధతి చెడ్డదేం కాదు. గేటు ముందు పార్కింగ్‌కి నిమిషాల లెక్కన వసూలు చేస్తారు కాబట్టి డ్రైవర్ దూరంగా ఉన్న వెయిటింగ్ లాట్‌లో ఉంటాడు, మీరు పిలిస్తే వస్తాడు. ఆ పార్కింగ్ డబ్బు మిగుల్తుంది, అదే మీకు తగ్గించిన రేటు. కానీ ఫోన్ పనిచేయాలి. రోమింగ్ ఉందా? ఎయిర్‌పోర్టు వైఫై లోపల బాగానే ఉండి, బండ్లు ఆగే చోటికి రాగానే తెగిపోతుంది. పైగా చాలా చోట్ల పికప్ పాయింటు పార్కింగ్ బిల్డింగ్‌లో ఏదో అంతస్తులో ఉంటుంది. అత్తగారి వీల్‌చెయిర్ తోసే మనిషి అంత దూరం వస్తాడో లేదో అడిగి చూసుకోవాలి. మీ పరిస్థితిలో మొదటి రాత్రికి బోర్డు పద్ధతే తీసుకోండి. డ్రైవర్ సామాను ట్రాలీ అందుకుంటాడు, మీ చేతులు ఖాళీ అవుతాయి.

కారు గురించి. "4 సీట్లు" అంటే నలుగురు మనుషులు అని. నలుగురూ, వాళ్ల సామానూ అని కాదు. మామూలు కారు డిక్కీలో రెండు పెద్ద పెట్టెలు, రెండు చిన్నవి పట్టించడమే గొప్ప. మీకు మూడు పెద్దవి, పైన స్ట్రోలర్. వెనక సీట్లో చైల్డ్ సీటు బిగిస్తే మిగిలిన ఇద్దరూ ఇరుక్కుని కూర్చోవాలి, మోకాళ్ల నొప్పి మనిషికి 40 కిలోమీటర్లు అది నరకం. వ్యాను తీసుకోండి. ఇంకో మాట, వ్యాను మెట్టు ఎత్తుగా ఉంటుంది. అత్తగారు ఎక్కగలరా? ఎక్కలేకపోతే పెద్ద ఎస్టేట్ కారు అడగండి. దాని డిక్కీ పొడుగు, సీటు తక్కువ ఎత్తు.

చైల్డ్ సీటు విషయం నాకంటే తల్లులకే బాగా తెలుస్తుంది, ఎవరైనా చెప్పండి.

---

ఇద్దరుపిల్లలు:

నేను చెబుతాను. బుకింగ్ ఫారంలో "బేబీ సీటు" అని ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టి వదిలేయకండి. పాప వయసు, బరువు, ఎత్తు మూడూ నోట్‌లో రాయండి. అలా రాయకపోతే పసిపిల్లల తొట్టి లాంటిది తేవచ్చు, లేదంటే ఐదేళ్ల పిల్లలు కూర్చునే బూస్టర్ తేవచ్చు. రెండూ మీ రెండేళ్ల పాపకి పనికిరావు. కొత్త యూరప్ నిబంధన ఆర్129లో సీటు ఎత్తు లెక్కన చూస్తారు, పాత సీట్ల మీద బరువు రాసి ఉంటుంది, అందుకే రెండూ ఇవ్వమంటున్నాను. ఆ నిబంధన ప్రకారం 15 నెలలు నిండేదాకా పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. మీ పాప ఆ వయసు దాటింది. అయినా వెనక్కి తిరిగిన సీటు ఇస్తే వద్దనకండి, అది ఇంకా మంచిది.

టాక్సీలో మాత్రం సీటు ఉంటుందని అనుకోకండి. ఇంగ్లండ్‌లో టాక్సీలో సరైన సీటు లేకపోతే మూడేళ్లలోపు పిల్లలు వెనక సీట్లో అది లేకుండానే వెళ్లొచ్చని చట్టంలోనే ఉంది. న్యూయార్క్ టాక్సీల్లో ఏడేళ్లలోపు పిల్లల్ని పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. జరిమానా పడదు, అంతే. బ్రేకు వేస్తే మన చేతులు పిల్లని ఆపలేవు. రెండో ఊళ్లో టాక్సీ అంటున్నారు కాబట్టి మీరే ఒక తేలికపాటి మడిచే సీటు పట్టుకెళ్లడం గురించి ఆలోచించండి. చాలా ఎయిర్‌లైన్లు దాన్ని సామాను లెక్కలో కలపకుండా ఉచితంగా తీసుకుంటాయి, మీ ఎయిర్‌లైన్‌ని ఒకసారి అడగండి. సీటు మీదే అయితే ఎలా బిగించాలో కూడా మీకు తెలిసి ఉంటుంది. తెల్లవారుజామున డ్రైవర్‌తో కలిసి ఎవరిదో బెల్టు ఎక్కడ దూరుతుందో వెతుక్కోవడం మహా విసుగు.

---

కిటికీసీటు:

పాతడ్రైవర్ గారు చెప్పింది బాగుంది, కానీ ఒక చోట నాకు ఒప్పుదల లేదు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో అర్ధరాత్రి దాటినా టాక్సీలు ఉంటాయి. ఆ వేళ దిగే విమానాలు ఎక్కువగా ఉంటే పగలు కంటే క్యూ వేగంగా కదులుతుంది కూడా. రోడ్డు ఖాళీ కాబట్టి మీటరూ తక్కువే తిరుగుతుంది. మీటరు దూరానికీ తిరుగుతుంది, బండి ఆగినా నెమ్మదిగా నడిచినా టైముకీ తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద ఆ రెండో బాధ లేదు. రాత్రి రేటు కలిపినా ఒక్కోసారి లాభమే.

దుబాయ్‌లో అయితే ఆడవాళ్లు, కుటుంబాల కోసం గులాబీ రంగు పైకప్పు టాక్సీలు ఉన్నాయి, ఆడవాళ్లే నడుపుతారు. హాంకాంగ్‌లో టాక్సీ రంగే అది ఎక్కడ తిరుగుతుందో చెబుతుంది. ఎర్రది దాదాపు ఊరంతా, ఆకుపచ్చది న్యూ టెరిటరీస్ అనే ప్రాంతం, నీలిది లాంటావ్ దీవి. ఎయిర్‌పోర్టు దగ్గర మూడూ ఉంటాయి, మీ హోటల్‌ని బట్టి ఎక్కాలి. ఇలాంటి ఏర్పాటున్న చోట టాక్సీ గందరగోళమనే భయం ఉత్తదే.

---

పాతడ్రైవర్:

పెద్ద ఎయిర్‌పోర్టు వరకూ మీ మాట నిజమే. కాకపోతే మీరు ఒక్కరు, చేతి బ్యాగుతో విమానం దిగి ముందు వరసలో నడుచుకుంటూ వస్తారు. ఈవిడ ఆఖర్న వస్తారు. మూడు పెద్ద విమానాలు దిగాక టాక్సీ స్టాండ్‌కి చేరే ఆఖరి కుటుంబానికి వ్యాను దొరకాలి, మామూలు కారు కాదు. క్యూలో మొదటి బండి ఏదుంటే అదే ఎక్కాలని కొన్ని స్టాండ్లలో అంటారు. అలా కుదరదని చెబితే రెండు టాక్సీల్లో ఎక్కిస్తారు. అప్పుడు పాప, అత్తగారు ఒకదాంట్లో, పెట్టెలు ఇంకోదాంట్లో. ఖర్చు రెట్టింపైతే ట్రాన్స్‌ఫర్‌కి కట్టినదానికి తేడా ఏముంది?

మీ వైపు నుంచి కూడా ఒకటి చెబుతాను. ఊళ్లో ఏదైనా పండగో పెద్ద మ్యాచో ఉంటే ట్రాన్స్‌ఫర్ కంపెనీలే ఒక డ్రైవర్‌కి వరసగా పికప్‌లు పెట్టేస్తాయి. ముందు విమానం లేటయితే తర్వాతివాళ్లు దొరికిపోతారు. అలాంటి రోజుల్లో టాక్సీ స్టాండే నయం.

---

ఒంటరిప్రయాణం:

మధ్యలో దూరుతున్నాను. లండన్ లాంటి చోట తేడా చట్టంలోనే ఉంది. నల్ల టాక్సీని రోడ్డు మీద చెయ్యెత్తి ఆపొచ్చు. మినీక్యాబ్ అనేదాన్ని ముందు బుక్ చేసుకునే ఎక్కాలి, రోడ్డు మీద మనల్ని ఎక్కించుకునే హక్కు వాడికి లేదు. అందుకే "నేను ప్రైవేట్ ట్రాన్స్‌ఫర్‌ని, ఖాళీగా ఉన్నా, రండి" అని ఎవరైనా అంటే ఆ ఒక్క మాటతోనే దొంగబేరం అని తెలిసిపోతుంది. నేను ఆడదాన్ని, ఒంటరిగా రాత్రిళ్లు దిగుతుంటాను. బోర్డు మీద నా పేరు చూసి ఆగిపోను. "ఎవరి కోసం వచ్చారు, ఏ హోటల్‌కి?" అని నేనే అడుగుతాను. పేరైతే బోర్డు మీద ఎవరైనా చదువుకోవచ్చు, హోటల్ పేరు మాత్రం బుకింగ్ చూసినవాడికే తెలుస్తుంది. బండి నంబరు ముందే వచ్చి ఉంటే అదీ సరిచూస్తాను. మంచి డ్రైవర్లు దీనికి ఏమీ అనుకోరు.

---

చిన్నిఅమ్మ:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. మొదటి ఊరికి ఎస్టేట్ కారు అడిగాను, వ్యాను మెట్టు అత్తయ్య వల్ల కాదు. తారీఖు, వారం, చివరి విమానం నంబరు, వీల్‌చెయిర్, పాప బరువు, ఎత్తు అన్నీ రాశాను. 90 నిమిషాలు ఇస్తామన్నారు, దిగిన టైము నుంచే లెక్కట, మెయిల్‌లో రాసి పంపారు. రెండో ఊళ్లో టాక్సీ. అక్కడి ఎయిర్‌పోర్టు వెబ్‌సైట్‌లో చూస్తే హోటల్ ఉన్న ప్రాంతం ఫిక్స్‌డ్ రేటు లోపలే ఉంది. సామాను ఎక్కువ కాబట్టి స్టాండ్‌లో పెద్ద బండి అడగమని మా ఆయనకి ఇప్పుడే చెప్పి పెట్టాను.

ఆఖరి ప్రశ్న. తిరుగు ప్రయాణంలో హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకి ఏది?

---

పాతడ్రైవర్:

అప్పుడు మీ విమానం లేటయ్యే గొడవ బండివాడికి లేదు, బయల్దేరే టైము మీ చేతిలో ఉంటుంది. టాక్సీ చాలు. రిసెప్షన్‌లో ముందు రోజు రాత్రే చెప్పండి, పెద్ద బండి కావాలనీ చెప్పండి. ఒక్కటి అడగండి: ఫోన్ చేసి పిలిస్తే మీటరు ఎక్కడి నుంచి మొదలవుతుంది? కొన్ని ఊళ్లలో టాక్సీ మీ దగ్గరికి బయల్దేరినప్పటి నుంచే తిరుగుతూ వస్తుంది, గుమ్మం ముందుకి వచ్చేసరికే కొంత చూపిస్తుంది. అది మోసం కాదు, అక్కడి రూలు. ఫిక్స్‌డ్ రేటు ఎయిర్‌పోర్టుకి వెళ్లేటప్పుడు కూడా వర్తిస్తుందో లేదో అదే ఫోన్‌లో అడిగేయండి. టెర్మినల్ నంబరు డ్రైవర్‌కి ఎక్కేటప్పుడే చెప్పండి. పెద్ద ఎయిర్‌పోర్టులో తప్పు టెర్మినల్ దగ్గర దిగితే వీల్‌చెయిర్‌తో అవతలికి చేరడానికి అరగంట పడుతుంది.